సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్, రష్యన్ మ్యూజియం: పెద్దవాళ్ళతో రెండు రోజుల్లో ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇది: జూన్‌లో అమ్మానాన్నలతో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్తున్నారు. మ్యూజియంలకి రెండు రోజులు పెట్టుకున్నారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి, నాన్నగారికి చరిత్ర ఇష్టం. హెర్మిటేజ్ ఒక్క రోజులో అయిపోతుందా, టికెట్లు ఇక్కడినుంచే కొనుక్కోవచ్చా, రష్యన్ మ్యూజియానికి కూడా వెళ్ళాలా?

ముందు సూటిగా చెప్తాను. హెర్మిటేజ్ ఒక్క రోజులో అవదు. వారం ఉన్నా అవదు, కాబట్టి ఆ లెక్కే వదిలేయండి. ఒక పూటకి ఒకే భవనం అని పెట్టుకుంటే రెండు రోజుల్లో మూడు భవనాలు తృప్తిగా చూడొచ్చు: ఒకప్పటి రష్యా చక్రవర్తుల వింటర్ ప్యాలెస్ వైపున్న అసలు హెర్మిటేజ్, దాని ఎదురుగా చౌక్ అవతల ఉన్న జనరల్ స్టాఫ్ భవనం, రష్యన్ మ్యూజియం. రష్యన్ మ్యూజియానికి తప్పకుండా వెళ్ళండి. టైము చాలక ఒకటి తగ్గించాల్సి వస్తే హెర్మిటేజ్‌లో కొన్ని గదులు తగ్గించుకోండి గానీ దాన్ని వదలకండి. హెర్మిటేజ్‌లో ఉన్న చిత్రాల్లో ఎక్కువ భాగం ఇటలీవి, హాలండ్‌వి, ఫ్రాన్స్‌వి. రష్యా వాళ్ళు తమ మనుషుల్ని, తమ నదుల్ని ఎలా గీసుకున్నారో చూడాలంటే రష్యన్ మ్యూజియానికే పోవాలి.

వారాలు చూసుకుని టికెట్ తీయండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. హెర్మిటేజ్‌కి సోమవారం సెలవు, రష్యన్ మ్యూజియానికి మంగళవారం సెలవు. సోమవారం మూసి ఉండటం, మంగళవారం రెండోది మూసి ఉండటం కలిసి మంగళవారం నాడు జనమంతా హెర్మిటేజ్ మీదే పడతారు. ఆ రోజు వద్దు. శని ఆదివారాలు కూడా వద్దు. హెర్మిటేజ్ మామూలుగా 11 నుంచి 6 దాకా, బుధ, శుక్రవారాల్లో రాత్రి 8 దాకా ఉంటుంది. రష్యన్ మ్యూజియం గురువారం మధ్యాహ్నం 1కి తెరిచి రాత్రి 9కి మూస్తారు. టికెట్ కౌంటర్లు అంతకు ముందే కట్టేస్తారు, ఆఖరి గంటలో పరుగెత్తుకుంటూ వెళ్తే లాభం లేదు. వేళలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, వెళ్ళే వారంలో అధికారిక సైటులో ఇంకోసారి చూసుకోండి.

ఈ లెక్కన మీకు బాగా కుదిరేవి బుధ, గురువారాలు. బుధవారం మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, 3 ప్రాంతంలో వింటర్ ప్యాలెస్‌కి వెళ్ళండి. టూరిస్టు గుంపులు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వస్తాయి, 5 దాటాక పలచబడతాయి. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురు పోదు కాబట్టి చీకటి పడుతుందన్న బెంగ లేదు. గురువారం పొద్దున 11కి జనరల్ స్టాఫ్ భవనం, రెండు గంటలు చాలు. తర్వాత భోజనం, విశ్రాంతి. 4కి రష్యన్ మ్యూజియం. పొద్దున 11 నుంచి సాయంత్రం 6 దాకా ఏకధాటిగా హెర్మిటేజ్‌లో తిరిగితే మూడో గంట తర్వాత కళ్ళు బొమ్మలమీద ఉంటాయి, మనసు కుర్చీ కోసం వెతుకుతుంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకైతే మర్నాడు కూడా పోయినట్టే.

టికెట్ల సంగతి. 2022 నుంచి మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డు కార్డులు రష్యాలో పనిచెయ్యవు, రష్యా సైట్లలోనూ డబ్బు తీసుకోవు. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని అధికారిక సైటులో మన కార్డుతో కొనడం కుదరదు. రెండు దారులున్నాయి. ఒకటి, అక్కడ ఉన్నవాళ్ళెవరైనా తమ స్థానిక కార్డుతో కొనిపెట్టడం. రష్యాలో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామందే ఉన్నారు, తెలిసినవాళ్ళ పిల్లలుంటే అడగండి. ఇది అన్నిటికన్నా సులువు. రెండోది, రూబుళ్ళు చేతిలో పెట్టుకుని కౌంటర్లో కొనడం. అక్కడ కౌంటర్‌ని 'కాస్సా' అంటారు. రూపాయలు అక్కడ మార్చుకోవడం కష్టం, డాలర్లో యూరోలో తీసుకెళ్ళి బ్యాంకులో మార్చండి. నోట్లు మడతలు, గీతలు, ముద్రలు లేకుండా కొత్తవిగా ఉండాలి, నలిగిన నోటు బ్యాంకువాళ్ళు తిప్పికొడతారు.

హెర్మిటేజ్ టికెట్ మీద లోపలికి వెళ్ళాల్సిన సమయం ఉంటుంది. వేసవిలో మంచి వేళలు ముందే అయిపోతాయి కాబట్టి ఆ రోజు పొద్దున కౌంటర్ దగ్గరికి వెళ్ళి సాయంత్రం టికెట్ దొరుకుతుందిలే అనుకోవద్దు. వీలైతే ముందే కొనిపించుకోండి. వేరేవాళ్ళు కొనేటప్పుడు పేర్లు అడిగితే పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వమనండి. మ్యూజియానికి వెళ్ళేటప్పుడు అసలు పాస్‌పోర్టులు వెంట ఉండాలి. టికెట్‌ని ఫోన్‌లో దింపుకుని పెట్టుకోండి, ఒక కాగితం కాపీ కూడా ఉంచుకోండి. గుమ్మం దగ్గర నెట్ అందకపోతే అదే ఆదుకుంటుంది. జనరల్ స్టాఫ్ భవనానికి విడిగా టికెట్ తీసుకోవాలి. అలాగే ఒకసారి బయటికొస్తే అదే టికెట్‌తో మళ్ళీ లోపలికి రానివ్వరు, మధ్యలో భోజనానికి వెళ్ళొద్దామన్న ఆలోచన పెట్టుకోకండి.

వెబ్‌లో వెతికితే హెర్మిటేజ్ పేరు పెట్టుకుని రెండింతలు మూడింతలు ధర చెప్పే సైట్లు పైకొస్తాయి. వాటిలో కొన్ని మామూలు టికెట్‌కి గైడ్ చార్జీ కలిపి అమ్మేవి, కొన్ని అదీ ఇవ్వవు. మ్యూజియం సొంత సైటు నుంచి టికెట్ పేజీకి వెళ్తేనే నమ్మండి.

ఇప్పుడు లోపలి సంగతి. మొట్టమొదట గుర్తుంచుకోవాల్సింది అంతస్తుల లెక్క. రష్యాలో నేల అంతస్తునే ఒకటో అంతస్తు అంటారు. మ్యాపులో రెండో అంతస్తు అని ఉంటే మనకి అది మొదటి అంతస్తు. లిఫ్ట్ బటన్ దగ్గర దీనివల్లే తికమక. వింటర్ ప్యాలెస్ వైపున్న పేరుమోసిన చిత్రాలన్నీ వాళ్ళ రెండో అంతస్తులో ఉన్నాయి. అంటే ఒక్కసారి పైకెక్కితే చాలు, దిగి ఎక్కే పని లేదు.

ఆ ఎక్కేది జోర్డాన్ మెట్లదారి. పాలరాయి, బంగారు పూత, పైకప్పు మీద దేవతలు. చూడ్డానికి కన్నులపండుగే, కానీ మెట్లు చాలా. అమ్మగారు కింద నిలబడి కళ్ళారా చూశాక సిబ్బందిని లిఫ్ట్ అడగండి. ఆ మాట రష్యన్‌లోనూ 'లిఫ్ట్'. మోకాలు చూపించి లిఫ్ట్ అంటే అర్థమైపోతుంది. వీల్‌ఛైర్ కావాలంటే గుమ్మం దగ్గరే అడగాలి, లోపలికి వెళ్ళాక కాదు.

పైకెక్కాక నేను చెప్పే దారి ఇది. గది నంబర్లు గుమ్మాల దగ్గర ఉంటాయి. 193, 194, 195 గుండా 197కి రండి. అది 1812 యుద్ధ గ్యాలరీ: నెపోలియన్‌ మీద పోరాడిన సేనానుల 332 ముఖచిత్రాలు, ఇంగ్లండు చిత్రకారుడు జార్జ్ డో, ఆయన సహాయకులు గీసినవి. వాటి మధ్య 13 చట్రాల్లో బొమ్మ లేదు, పచ్చటి గుడ్డ, కింద పేరు మాత్రం ఉన్నాయి. ఆ సేనానుల రూపం దొరకలేదు, అయినా వాళ్ళ చోటు వాళ్ళకి ఉంచారు. నాన్నగారికి చరిత్ర ఇష్టమన్నారు కదా, ఇక్కడ ఆయన్ని తొందరపెట్టకండి. పక్కనే 198, సింహాసనం ఉన్న జార్జ్ హాలు. అక్కడినుంచి 204, పెవిలియన్ హాలు. నెమలి గడియారం ఇక్కడే, లండన్‌లో జేమ్స్ కాక్స్ కార్ఖానాలో తయారైంది. మన సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ కోసం జనం గుమిగూడినట్టే దీని చుట్టూ కూడా మూగుతారు. తేడా ఏమిటంటే ఇది గంటగంటకీ ఆడదు. పాతకాలపు యంత్రం అరిగిపోకుండా నిర్ణయించిన వేళకి మాత్రమే తిప్పుతారు. మిగతా సమయంలో పక్కనున్న తెరమీద వీడియో చూడాలి. నెమలి పురి విప్పడం చూడాలని పిల్లలో పెద్దలో పట్టుబడితే ఆ వేళ ముందే కనుక్కోండి.

214లో లియొనార్డోవి రెండు మడొన్నాలు, అంటే బాల యేసుతో ఉన్న మరియ తల్లి బొమ్మలు. ఒకటి బెన్వా మడొన్నా, ఇంకోటి లిట్టా మడొన్నా. రెండూ దాదాపు ఎ3 కాగితమంతే ఉంటాయి. ఎంతో పెద్దవి ఊహించుకుని వెళ్ళి, తలల మధ్యలోంచి తొంగిచూసి, ఇంతేనా అనుకుని వచ్చేసేవాళ్ళే ఎక్కువ. సాయంత్రం వెళ్ళమన్నది అందుకే. దగ్గరగా నిలబడగలిగితే బెన్వా మడొన్నాలో ఆ చంటివాడి చేతులు చూడండి. తల్లి చేతిలో పువ్వుంది, వాడు దాన్ని అందుకోబోతూ రెండు చేతులూ కలిపి చూపు నిలుపుతున్నాడు. తల్లి పిల్లాడితో ఆడుకుంటున్న ఓ చిన్నపిల్లలా నవ్వుతోంది. గుళ్ళో విగ్రహంలా బిగుసుకుని ఉండదు.

227 రఫాయెల్ లోజియా, వాటికన్‌లోని పొడవాటి వసారాకి 18వ శతాబ్దంలో కట్టించిన నకలు. నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు. 237 నుంచి 239 దాకా గాజు పైకప్పు ఉన్న పెద్ద హాళ్ళు, ఇక్కడ కూర్చోండి. అమ్మగారికి పదిహేను నిమిషాలు విశ్రాంతి ఇచ్చాక 254కి వెళ్ళండి. మొత్తం హెర్మిటేజ్‌లో ఒకే గది చూడాలంటే నేను చెప్పేది ఇదే.

ఇది రెంబ్రాంట్ గది. 'తప్పిపోయిన కుమారుడి రాక' రెండున్నర మీటర్లు దాటిన ఎత్తు. బైబిల్ కథ తెలియకపోయినా నష్టం లేదు: ఆస్తి పంచుకుని పోయి అంతా పోగొట్టుకున్న కొడుకు తిరిగొచ్చి తండ్రి కాళ్ళ దగ్గర పడ్డాడు. ముందు కొడుకు పాదం చూడండి, చెప్పు జారిపోయి అరికాలు మనవైపు ఉంది. గుండు తల, చిరిగిన బట్టలు. తర్వాత తండ్రి చేతులు చూడండి. కొడుకు వీపు మీద ఆన్చిన ఆ రెండు చేతులూ ఒకేలా ఉండవు. ఒకటి వెడల్పుగా, బలంగా పట్టుకుని ఉంది. రెండోది సన్నగా, మెత్తగా తాకుతోంది. ఆ చేతుల దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డవాళ్ళకి తర్వాత వంద గదులు చూడలేదన్న బాధ ఉండదు. ఎదురుగా నిలబడితే మెరుపు కొడుతుంటే అడుగు రెండడుగులు పక్కకి జరగండి, రంగులు తేటపడతాయి.

అదే గదిలో 'డానయే' ఉంది, గ్రీకు పురాణాల్లోని ఒక రాకుమారి బొమ్మ. 1985 జూన్‌లో ఒకడు దీన్ని కత్తితో పొడిచి మీద యాసిడ్ పోశాడు. బాగుచెయ్యడానికి 12 ఏళ్ళు పట్టింది, 1997లో మళ్ళీ జనం ముందుకొచ్చింది. పోయినచోట కొత్తగా గీసి కప్పెయ్యకుండా, మిగిలిన రెంబ్రాంట్ చేతిపనిని కాపాడారు. అందుకే కొన్నిచోట్ల మసకగా అనిపిస్తుంది. అద్దం వెనక ఉండటానికి కారణం కూడా ఆ దాడే.

ఇంతటితో రెండున్నర, మూడు గంటలవుతుంది. ఓపికుంటే 245, 246, 247లో ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం ప్రాంతపు) చిత్రాలు, 243లో గుర్రాల మీద కవచాల యోధులు. లేకపోతే దిగిపోండి. కింది అంతస్తులో ఉన్న కొలివాన్ రాతి పాత్ర ఒక్కటి చూడండి, ఒకే ఆకుపచ్చ జాస్పర్ రాతి నుంచి చెక్కింది, సుమారు 19 టన్నులు.

ఇక్కడ చాలామంది చేసే పెద్ద పొరపాటు: మతీస్, పికాసో, మోనే, వాన్ గో బొమ్మల కోసం వింటర్ ప్యాలెస్‌లో గది గదీ వెతకడం. పాత గైడు పుస్తకాల్లో అవి అక్కడ పై అంతస్తులో ఉన్నట్టు ఉంటుంది. 2014లో వాటిని చౌక్ అవతలి జనరల్ స్టాఫ్ భవనానికి మార్చారు. అక్కడ వాళ్ళ నాలుగో అంతస్తుకి లిఫ్ట్‌లో వెళ్ళి కిందికి దిగుతూ రండి. ష్చూకిన్, మొరోజోవ్ అనే ఇద్దరు మాస్కో వ్యాపారులు కొన్నవి, విప్లవం తర్వాత ప్రభుత్వం తీసుకుంది. మతీస్ 'నృత్యం' దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు, ఉన్నవి మూడే రంగులు: ఎర్ర దేహాలు, నీలి ఆకాశం, పచ్చటి నేల. ఐదుగురూ చేతులు పట్టుకుని తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ ఎడమవైపు ముందున్న ఇద్దరి చేతులు కలవలేదు. ఆ జానెడు ఖాళీ వల్లే వలయమంతా ముందుకి తూలుతున్నట్టు కదులుతుంది. ఈ భవనంలో జనం తక్కువ, మెట్ల బాధ తక్కువ.

రష్యన్ మ్యూజియం మిఖాయిలోవ్‌స్కీ ప్యాలెస్‌లో 1898లో తెరిచారు. జనరల్ స్టాఫ్ భవనం కట్టిన కార్లో రోస్సీయే దీన్నీ కట్టాడు. పై అంతస్తులో ఐకాన్‌లతో, అంటే చెక్కపలకల మీద గీసిన చర్చి పూజా చిత్రాలతో మొదలుపెట్టండి. 'బంగారు జుట్టు దేవదూత' చిన్నది, 12వ శతాబ్దానిది, వెంట్రుక వెంట్రుకకీ బంగారు గీత ఉంటుంది. కాస్త ముందుకి వంగి పక్కనుంచి చూస్తే ఆ గీతలు వెలుగుతాయి. తర్వాత పెద్ద హాలు. అగ్నిపర్వతం పేలి పూడిపోయిన ప్రాచీన పట్టణం మీద గీసిన బ్ర్యులోవ్ 'పాంపే ఆఖరి రోజు' నాలుగున్నర మీటర్ల ఎత్తు, ఆరున్నర మీటర్ల వెడల్పు. ఎడమవైపు గుంపులో రంగుల పెట్టె తలమీద పెట్టుకున్నవాడు చిత్రకారుడే. ఐవజోవ్‌స్కీ 'తొమ్మిదో అల' కూడా ఈ అంతస్తులోనే. ముందు దూరంగా ఉండి చూడండి, ఆ తర్వాత దగ్గరికి వెళ్ళండి, నీటి మీద వెలుతురు ఎంత పలచగా పూశాడో అప్పుడు తెలుస్తుంది.

కింది అంతస్తులో రెపిన్ చిత్రాలు. 'వోల్గా మీద పడవ లాగేవాళ్ళు' ముందు మనవాళ్ళు ఎవరైనా ఆగిపోతారు, గోదావరి గట్టున తాడు భుజాన వేసుకుని పడవలాగిన తాతల కథలు విన్నవాళ్ళయితే మరీను. 11 మంది, చాలామంది బరువుకి ముందుకి వాలిపోయి ఉంటారు. మధ్యలో ఒక కుర్రాడు తల పైకెత్తి, రొమ్ముకి ఒరుసుకుంటున్న పట్టీని సర్దుకుంటున్నాడు. కుయింజీ 'ద్నీపర్ మీద వెన్నెల రాత్రి' దగ్గర ఒక మాట: 1880లో దీన్ని ఒక్కదాన్నే చీకటిగదిలో దీపం పెట్టి చూపించారు, బొమ్మ వెనక దీపం దాచాడేమోనని జనం చూశారట. అతను వాడిన రంగుల్లో తారు ఉండటం వల్ల కాలక్రమాన నల్లబడింది. అయినా నదిమీద పడ్డ ఆ పచ్చటి వెలుగు ఇంకా నిలబడే ఉంది. సెరోవ్, వ్రూబెల్, మలేవిచ్ గీసిన బొమ్మలు కావాలంటే లోపలి దారిగుండా బెన్వా విభాగానికి వెళ్ళాలి. అమ్మగారు అలిసిపోతే అది వదిలేయండి.

చిన్నచిన్నవి కొన్ని. కోటు, వీపు సంచి, గొడుగు 'గార్దెరోబ్'లో ఇచ్చి నంబరు బిళ్ళ తీసుకోవాలి. అది పోతే మీ వస్తువు కోసం ఆఖరిదాకా ఆగాల్సొస్తుంది, సరిగ్గా ఒకరి దగ్గరే అన్ని బిళ్ళలూ ఉంచండి. మూసే ముందు అరగంట అక్కడ పొడవాటి వరస, కాబట్టి కాస్త ముందే దిగండి. పెద్ద సూట్‌కేసులు తీసుకోరు. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు, సెల్ఫీ కర్రలొద్దు. నేల నున్నటి చెక్కపలకలు, అడుగు మెత్తగా పట్టున్న బూట్లు వేయించండి. వేసవిలో గదులు ఉక్కగా ఉంటాయి, పలచటి నూలు బట్టలే నయం. మాంసం తినకపోతే జార్జియన్ హోటళ్ళు వెతకండి. జున్ను రొట్టె 'ఖచాపురి', చిక్కుడు గింజల కూర 'లోబియో', వాల్‌నట్ ముద్ద పెట్టిన వంకాయ దొరుకుతాయి.

అమ్మగారితో మెట్రో వద్దు. హెర్మిటేజ్ దగ్గరున్న అద్మిరల్తేయ్‌స్కయా స్టేషన్ 86 మీటర్ల లోతున ఉంది. ఎస్కలేటర్ ఉన్నా అంతసేపు నిలబడాలి, స్టేషన్ లోపలా బయటా నడక తప్పదు. ఫోన్ యాప్‌లో పిలిచే యాండెక్స్ టాక్సీలో నగదు ఇచ్చే వీలుంది, అది వాడండి. ఒక్క జాగ్రత్త: రష్యన్ మ్యూజియానికే చెందిన మిఖాయిలోవ్‌స్కీ కోట ఇంకొకటి దగ్గర్లోనే ఉంది, పేరు విని డ్రైవర్ అక్కడ దించేస్తుంటాడు. మీకు కావాల్సింది ప్యాలెస్, చిరునామా ఇంజెనెర్నయా వీధి 4, ముందు పార్కులో చెయ్యి చాచి నిలబడ్డ పుష్కిన్ విగ్రహం ఉంటుంది. హెర్మిటేజ్‌కి ప్యాలెస్ చౌక్ 2, జనరల్ స్టాఫ్‌కి ప్యాలెస్ చౌక్ 6-8. ఈ మూడు చిరునామాలూ రష్యన్ లిపిలో హోటల్ వాళ్ళతో ఒక కాగితం మీద రాయించుకుని నాన్నగారి జేబులో పెట్టండి.